ఆకాశపక్షుల యొద్ద పాఠము

చదువవలసిన భాగములు: మత్తయి 6:25–34, మత్తయి 10:29–31, యిర్మీయా 8:7, ద్వితీయోపదేశకాండము 22:6–7



కొండమీది ప్రసంగములో మన ప్రభువు ఇచ్చిన ఆజ్ఞలలో మనము తరచుగా మరచునది ఒకటి కలదు. ప్రార్థింపుమనిన మాటను, క్షమింపుమనిన మాటను జ్ఞాపకముంచుకొందుము. పక్షులను చూడుమనిన మాటను మాత్రము ఉపమానమని యెంచి దాటిపోవుదుము. గ్రీకు మూలములో మత్తయి 6:26లోని మాటకు కన్ను నిలిపి చూచుట అని అర్థము. 28వ వచనములో పువ్వులను గూర్చి వాడిన మాటకు చక్కగా నేర్చుకొనుట అని అర్థము. లూకా 12:24లో కాకులను గూర్చి చెప్పినచోట మనస్సుపెట్టి ఆలోచించుట అను అర్థముగల మూడవ మాట కనబడును. చూచుట, నేర్చుకొనుట, ఆలోచించుట: ప్రభువు మనలను పొలముగట్టుమీది బడికి పంపుచున్నాడు.

అయితే ఈ పాఠము తాడిపత్రి సీమలో సులభమైనది కాదు. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య వానలు మనకు నిండుగా చేరవు. ఒక సంవత్సరము చెనిక్కాయ పంట ఎండిపోయిన పిమ్మట, మేము ఈ వాక్యమునే చదువగా, సంఘములోని ఒక పెద్దాయన మమ్మును నిలిపి, “అయ్యగారూ, పిట్టకేమి? విత్తనాల అప్పు లేదు, వడ్డీ లేదు. మా సంగతి తెలిసే ప్రభువు ఆ మాట చెప్పినాడా?” అని అడిగెను. ఆ దినమున మాకు తగిన జవాబు తోచలేదు. ప్రభువు చూడుమనెను గదా, ముందు చూచెదమని, సంఘ యువకులను కొందరిని వెంటబెట్టుకొని, ఏడాది పొడుగున తెల్లవారుజామున పొలములవెంట, పెన్న ఇసుకవెంట నడచుట మొదలుపెట్టితిమి. ఒక యువకుడు కెమెరా తెచ్చెను. మేము చూచినది, మేము చేసిన తప్పు, రెండును ఇచ్చట వ్రాయుచున్నాము.

వేసవి

ఎండకాలములో పెన్న యంతయు ఇసుకయే. నాపరాయి గనుల ప్రక్కనున్న బీళ్ళలో కాలు మోపినచో తీతువు అరచును. ఈ పక్షి కూత వినబడిన ఇంట చావు జరుగునని మన ఊళ్ళలో నేటికిని భయపడువారు కలరు. అది అరచుటకు కారణము మన ఇంటి చావు కాదు, తన గూడు. తీతువు గూడు కట్టదు. నేలమీద చిన్న గుంట చేసి, చుట్టును గులకరాళ్ళు పేర్చి, మట్టిరంగు గుడ్లు సాధారణముగా నాలుగు పెట్టును. మనుష్యుడు దగ్గరకు రాగానే తలపైన తిరుగుచు అరచి, అతని దారి మళ్ళింప జూచును. మధ్యాహ్నపు ఎండలో గుడ్లు ఉడికిపోకుండ తల్లిదండ్రులు వంతులవారీగా నీడపట్టును. నీరున్న చోటికి పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరచును. మనము అపశకునమని తిట్టు కేక తన పిల్లలకొరకు ప్రాణమునకు తెగించిన తల్లి కేక. క్రీస్తునందున్న మనము శకునముల భయమును విడిచి, దీనిని మన పిల్లలకు నేర్పవలెను.

వానకాలము

తొలకరి పడి గడ్డి పెరిగినప్పుడు గిజిగాళ్ళు బావులమీద వంగిన తుమ్మకొమ్మలకును, ఈతచెట్లకును గూళ్ళు అల్లును. మగపక్షి పచ్చిగడ్డిని సన్నని పోగులుగా చీల్చి తెచ్చి సగము గూడు అల్లి నిలుపును. ఆడపక్షి వచ్చి చూచును. దానికి నచ్చినచో మగపక్షి మిగిలిన గూడును, పొడవైన ద్వారమును ముగించును. నచ్చనిచో ఆ గూడు సగములోనే నిలిచిపోవును. వాన రాక గడ్డి పెరుగని నెలలో గిజిగాడు అల్లుటకు తొందరపడదు. సంకుబుడి కొంగ తన కాలమును ఎరిగియున్నది గాని దేవుని జనులు ఆయన న్యాయవిధిని ఎరుగరని యిర్మీయా దుఃఖించిన మాట మాకు అక్కడ జ్ఞాపకము వచ్చెను.

చలికాలము

చలిగాలి తిరిగినప్పుడు, కోసిన చేలలోను, నీటి అంచులలోను తోక ఆడించుచు పరుగెత్తు చిన్న పిట్టలు కనబడును. వీటిలో కొన్ని హిమాలయముల నుండియు, వాటికి ఆవలి దేశముల నుండియు వచ్చినవి. తలమీద రెండు నల్లపట్టీలు గల బాతులు మధ్య ఆసియా నుండి హిమాలయములను దాటి దక్షిణ దేశపు చెరువులకు దిగును. వీటికి దారిచూపు గురుతులను సృష్టికర్తయే వాటిలో ఉంచెను. కూలికై బెంగుళూరుకు వలసపోవు మన కుటుంబములకు ఇది చిన్న ఓదార్పు కాదు: వలసదారిలోను తండ్రి దృష్టి తప్పిపోదు.

వీరాపురము చింతచెట్లు

2022 వరకు అనంతపురము జిల్లాలోనుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చిలమత్తూరు మండలమున వీరాపురము అను పల్లె కలదు. ప్రతి సంవత్సరము చలికాలము చివర పెద్ద కొంగలు అక్కడికి వచ్చి, ఇండ్లనడుమనున్న చింతచెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానకాలములో ఎగిరిపోవును. వీటిని సైబీరియా కొంగలని అనేకులు పిలుతురుగాని, అవి మన దేశములోనే నీరున్న చోట్లకు తిరుగు ఎర్రకాళ్ళ కొంగలు. ఊరివారు వాటి రెట్టను, చేపవాసనను ఓర్చుకొని, వేటగాండ్రను రానీయక కాపాడుచున్నారు. ఎండిన సీమలో ఒక బీదపల్లె తన నీడను పక్షులతో పంచుకొనుచున్నది. మన తండ్రి పక్షులను పోషించు విధములలో ఇదియు ఒకటి కాదా?

అయినను చెరువులు ఎండిన ఏట చేపలు దొరకక కొంగపిల్లలు గూటిలోనే నశించుట కలదు. పెద్దాయన అడిగిన ప్రశ్న ఇక్కడ మరల మా యెదుట నిలిచెను. మత్తయి 10:29ని నిదానముగా చదువుడి. పిచ్చుక నేలపడదని ప్రభువు చెప్పలేదు. తండ్రికి తెలియకుండ పడదనెను. పక్షి పని మానుకొని కూర్చుండదు, దినమెల్ల వెదకును, కొన్నిసార్లు వెదకియు దొరకదు. కరవు రాదని ప్రభువు మాట ఇయ్యలేదు. కరవులో మనము ఒంటరివారము కామని మాట ఇచ్చెను. తండ్రికి తెలిసిన దుఃఖము సహోదరులకును తెలియవలెను. కాబట్టి అప్పుతో కృంగిన ఇంటికి సంఘము నడచిపోవలెను. వీరాపురము కొంగలకు చింతకొమ్మ ఎట్లో, కరవుకాలమున రైతుకు సంఘము అట్లుండవలెను. కొన్ని దినములైన తరువాత మేము ఆ పెద్దాయన ఇంటికి పోయి, జవాబు చెప్పుటకంటె ముందుగా ఆయనయొద్ద కూర్చుండి ఆయన లెక్కలు వింటిమి.

గూటియొద్ద ధర్మము

ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. ఒక వేసవి ఉదయమున బీటిలో తీతువు గుడ్లు కనబడెను. మంచి పటము కావలెనని, చుట్టునున్న ముళ్ళకంపను తొలగించి, చాలసేపు అక్కడనే నిలిచితిమి. తల్లిపక్షి తలపైన తిరిగి అరచుచుండెను. అది ఎంత చక్కగా ఎగురుచున్నదో అని మేము సంతోషించితిమి! ఎండ ముదిరినది. మరుసటి వారము పోయి చూడగా గుడ్లు చెడిపోయి చీమలు పట్టియుండెను. పటము మాత్రము బాగుగా వచ్చినది. దానిని ఎవరికిని చూపుటకు మాకు మనస్సు రాలేదు.

ద్వితీయోపదేశకాండము 22:6–7 చిన్న ఆజ్ఞ. దారిలో గూడు కనబడినచో పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనరాదనియు, తల్లిని విడిచిపెట్టవలెననియు దాని భావము. తలిదండ్రులను సన్మానించువానికి చెప్పిన దీర్ఘాయువు ఆశీర్వాదమే ఇక్కడను చెప్పబడినది. చేతికి అందినదంతయు మనది కాదు. కంటికి కనబడినదంతయు మనది కాదు.

మన పెన్న సీమలోనే ఇందుకు గొప్ప సాక్ష్యము కలదు. కలివికోడిని 1848లో జెర్డన్ అను వైద్యుడు లోకమునకు తెలిపెను. 1900లో లండను మిషనరీ సొసైటీకి చెందిన హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురము ప్రాంతమున దానిని చూచెను. ఆ పిమ్మట 86 సంవత్సరములు ఏ పండితునికిని కనబడలేదు, నశించినదనుకొనిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక పల్లెవాసి రాత్రివేళ దానిని పట్టుకొనగా, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు గుర్తించిరి. పండితులు ఎరుగనిది పొదలలో తిరుగు పేదవాడు ఎరిగియుండెను. అయితే పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు. తరువాత దానికొరకు లంకమల అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి. తెలుగుగంగ కాలువ దారిని సైతము మార్చిరి. పక్షిని కాపాడుటకు కాలువయే ప్రక్కకు తిరుగగలిగినప్పుడు, మనము నాలుగు అడుగులు వెనుకకు వేయలేమా?

ఆచరణ

1. ప్రతి కుటుంబము నెలకొక ఉదయము, ఎండ ముదరక మునుపు, పొలమువెంట మౌనముగా నడువవలెను.

2. సండేస్కూలు పిల్లలు నోటుపుస్తకములో తేది, చోటు, చూచిన పక్షి పేరు వ్రాయవలెను. పేరు తెలియనిచో గొఱ్ఱెలకాపరులను, అవ్వతాతలను అడుగవలెను.

3. ఫోనుతో పటము తీయువారు గూటికి దూరముగా నిలువవలెను. పక్షి అరచినచో వెంటనే మరలవలెను. గూడున్న చోటును ఎల్లవారికి చాటరాదు.

4. ఉండేలు, ఉచ్చులు మన పిల్లల చేతులలో ఉండరాదు. రామచిలుకను పంజరమున పెట్టుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము.

5. వేసవిలో ఇంటిముందు నీడలో మూకుడుతో నీళ్ళు పెట్టి, దినదినము మార్చవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

ప్రభువు పక్షులను చూడుమనిన మాట కష్టపడువారికి ఎట్లు ఓదార్పు? మత్తయి 10:29లో ఆయన చేసిన వాగ్దానమేది, చేయనిదేది? మన సంఘములో గూడు చెదరిన కుటుంబమెవరిది? వారియొద్దకు ఈ వారము ఎవరు వెళ్ళుదురు?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, ఎండిన పెన్న తీరమున నీ పక్షులను మాకు పాఠముగా ఉంచినందుకు స్తోత్రము. చూచుటకు ఓర్పును, చూచినదానిని నొప్పింపకుండ మరలుటకు ప్రేమను మాకిమ్ము. వానకొరకు కనిపెట్టు రైతులను, వలసపోయిన మా సహోదరులను జ్ఞాపకము చేసికొనుము. ఒకరికొకరము నీడగా నుండునట్లు మాకు నేర్పుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.