గొళ్ళెం ఎత్తకుండా లాగొద్దు

ముందే ఒక మాట. నేను ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీషు మీడియమే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన సెమిస్టర్ ల్యాబ్ ఎగ్జామ్‌కు రెండు రోజుల ముందు నా ల్యాప్‌టాప్‌లో ఏడెనిమిది కీలు ఒకేసారి ఆగిపోయాయి. చిత్తూరు దగ్గర మా తోటలో తోతాపురి కాయలు అమ్మిన డబ్బుతో నాయన కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది.

ఒక్క కీ పోతే దుమ్మో, టీ చుక్కో అనుకోవచ్చు. గుంపుగా పోతే ఎందుకు? కీబోర్డులో ఒక్కో కీకి ఒక్కో తీగ ఉండదు. 8 అడ్డవరుసలు, 16 నిలువు వరుసలు ఉంటే, 24 తీగలతోనే 128 కీల దాకా గుర్తించవచ్చు. అందులో ఒక్క తీగ ఆనకపోయినా ఆ వరుస మొత్తం చచ్చిపోతుంది. ఆ తీగలన్నీ పల్చటి పట్టీగా బోర్డులోకి వెళ్తాయి. దాన్నే ఫ్లెక్స్ అంటాం.

లాజిక్ తెలుసు కదా అని మూత విప్పి, పట్టీని పట్టుకుని లాగేశాను. టక్‌మని చిన్న ప్లాస్టిక్ ముక్క ఎగిరిపడింది.

తిరుపతిలో ఒక రిపేరు షాపు అన్న లెన్స్ పెట్టి చూసి, "లాగినావా?" అన్నాడు.

"లాగినాను అన్నా."

"గొళ్ళెం ఎత్తకుండా తలుపు లాగితే ఏమైతాది?"

లాచ్‌కు నాకు తెలుగు మాట దొరికింది అక్కడే.

"సోల్డరింగ్ చేసేద్దామా?" అనడిగాను. కుదరదన్నాడు. కీబోర్డు పట్టీ పాలిస్టర్ ప్లాస్టిక్. గీతలు వెండి కలిసిన సిరాతో అచ్చేసినవి. ఆ వేడికి ముడుచుకుపోతుంది. చివరికి ఒక పాత బోర్డు నుంచి అదే సైజు గొళ్ళెం తీసి పెట్టాడు. పెడుతూ నేర్పించిన పద్ధతి ఇది:

1. ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. పట్టీ ఎటువైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోవాలి.

2. గొళ్ళెం రకం చూడాలి. కొన్ని పైకి లేస్తాయి, గోటితో మెల్లగా ఎత్తాలి. కొన్ని బయటికి జరుగుతాయి. వాటి రెండు చెవులనూ సమానంగా, ఒక మిల్లీమీటరు దాకా జరిపితే చాలు.

3. పట్టీని నిటారుగా, చివరిదాకా దూర్చాలి. గీతల మధ్య దూరం చాలా కనెక్టర్లలో 1 మిల్లీమీటరు, కొన్నింట్లో 0.5. కొంచెం వంకరపోయినా పక్క గీతకు తగులుతుంది.

4. గొళ్ళెం వేసి, మూత బిగించకముందే ప్రతి కీ నొక్కి చూడాలి.

ఈ కనెక్టర్ పేరు జిఫ్, అంటే జీరో ఇన్సర్షన్ ఫోర్స్. దూర్చడానికి బలం అక్కర్లేదని పేరులోనే ఉంది. పట్టు గొళ్ళెానిది, మన చేతిది కాదు.

2015లో మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో షావోమీ ఫోన్లు తయారవడం మొదలైంది. ఫోన్ లోపల కూడా ఇలాంటి ఫ్లెక్స్ పట్టీలే ఉంటాయి. అక్కడి లైన్లలో ఎక్కువగా పనిచేసింది ఆడవాళ్లే. వాళ్ల వేళ్లకు తెలిసిన పని నేను అల్గారిథమ్ చదివి కూడా పాడు చేశాను.

ఎగ్జామ్ బాగానే రాశాను. నాయనకు మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ మ్యాగజైన్ చదివితే తెలుస్తుంది.