తాళాలగుత్తితో పాటు ఈ పుస్తకం



మీ అమ్మ చేతికిచ్చి పంపిన సంచిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి తాళాలగుత్తి, రెండోది నూనె మరకలు పట్టిన పొడుగు పుస్తకం. తాళాలు పోతే ఓనర్లు మళ్లీ చేయించుకుంటారు. పుస్తకం పోతే మాత్రం ఢిల్లీ జియా సరాయ్‌లో నేను ఇన్నాళ్లూ చూసుకున్న అయిదు బిల్డింగుల్లో నీళ్లు ఏ గోడలోంచి దిగుతున్నాయో చెప్పేవాడు ఉండడు. ఈ మోకాళ్లతో నేనిక మేడ మీది ట్యాంకు దాకా ఎక్కలేను. ఓనర్లతో మాట్లాడాను, నువ్వొస్తున్నావని చెప్పాను.

ఐటీఐలో నువ్వు నేర్చుకున్న వైరింగుకి బోర్డు మీద పటం ఉంటుంది. జియా సరాయ్ ఇళ్లకి పటం లేదు. అది లాల్ డోరా ఊరు. 1908లో రెవెన్యూ వాళ్లు పల్లెల పటాల్లో జనం కాపురముండే మేర చుట్టూ ఎర్రగీత గీశారు, ఆ గీత పేరే లాల్ డోరా. 1963లో ఒక నోటిఫికేషన్ వచ్చి ఆ గీత లోపలి ఇళ్లకి బిల్డింగు నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. పక్కనే ఐఐటీ ఉంది, తర్వాత కోచింగులు వచ్చాయి, గేట్‌కీ ఐఈఎస్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లలు గదులు వెతుక్కుంటూ వచ్చారు. అందులో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. గదులు చాలనప్పుడల్లా ఒక అంతస్తు లేచింది, లేచినప్పుడల్లా ఒక కొత్త ప్లంబరు తనకి తోచిన దారిన పైపు తిప్పి వెళ్లిపోయాడు. ఆ దారుల్ని ఒక్కొక్కటిగా వెతికి రాసుకున్నదే ఈ పుస్తకం.

వెళ్లిన మొదటి వారం కొత్త పని ఒప్పుకోకు. ప్రతి బిల్డింగులో కింద నుంచి పైదాకా నడిచి నా రాతతో సరిచూసుకో. ఏ వాల్వు కడితే ఏ బాత్రూము ఆగుతుంది, ఏ ఎంసీబీ దించితే ఏ గది చీకటవుతుంది, ఇవి నీ కళ్లతో చూడాలి. నేను తప్పు రాసిన చోటు కొట్టేసి నువ్వు రాయి. రాత్రి రెండింటికి పైపు పగిలినప్పుడు పుస్తకం తెరిచే తీరిక ఉండదు, కాళ్లకి దారి తెలిసి ఉండాలి.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇది కాస్త నెమ్మదిగా చదువు.

ఢిల్లీ చలి నీకు కొత్త. డిసెంబరు, జనవరిల్లో గదిగదికీ గీజరు వేస్తారు, హీటరు వేస్తారు, కొందరు బకెట్లో రాడ్డు పెడతారు. రెండు వేల వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి, కనీసం 2.5 చదరపు ఎం.ఎం. రాగి వైరు కావాలి. చాలా గదుల్లో లైటుకి వేసిన సన్న వైరు మీదే ఇదంతా తగిలించి ఉంటారు. ఎంసీబీ పడిపోతుంటుంది. అప్పుడు పిల్లలూ ఓనరూ ఒకే మాట అంటారు: పెద్దది వెయ్యి, పడకుండా ఉంటుంది. వెయ్యకు. ఆ ఎంసీబీ వైరుని కాపాడుతోంది. దాన్ని పెద్దది చేస్తే గోడలో వైరు కాలుతుంది, నీకు తెలిసేసరికి పొగ వస్తుంది. వైరు మార్చాలి, లేదా గీజరుకి విడిగా లైను లాగాలి. ఖర్చవుతుందని చెప్పు.

ఇంకొకటుంది, ఆర్‌సీసీబీ. ఎంసీబీ వైరుని చూసుకుంటే ఇది మనిషిని చూసుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా పడిపోతుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడు. అయిదింట్లో మూడు బిల్డింగులకి పెట్టించగలిగాను. మిగిలిన రెండింటి ఓనర్లు ఒప్పుకోలేదు. ఆ ఒప్పించే పని నీకు వదిలిపెట్టాల్సి వచ్చినందుకు నాకు బాధగానే ఉంది.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. మీ అమ్మకి కూడా తెలియదు. ఒక చలికాలం మూడో అంతస్తులో గీజరు ప్లగ్గుకి ఎర్తు పిన్ను విరిగి ఉండటం సాయంత్రం చూశాను. చేతిలో ఇంకో పని ఉంది. రేపు మారుస్తానని చెప్పి దిగిపోయాను. ఆ రాత్రి కుర్రాడొకడు షవరు తిప్పాడు. షాకు కొట్టి గోడకేసి పడ్డాడు, కుడి మోచెయ్యి విరిగింది. కర్నూలు వైపు పిల్లాడు. పరీక్షకి పదహారు రోజులుంది. ఆస్పత్రిలో నన్ను చూసి, మీరేం చేస్తారు అంకుల్, అన్నాడు. చెయ్యగలిగింది ఉండీ చెయ్యలేదన్న సంగతి వాడికి తెలియదు. ఆ నెలంతా వాడికి అన్నం పట్టుకెళ్లాను. ఆ ఏడు వాడు పరీక్ష రాయలేదు.

అప్పట్నుంచి నా పనికి ఒకటే వరస. మనిషి ఒంటికి తగిలే ప్రమాదమైతే అప్పటికప్పుడు చేస్తాను, సామాను లేకపోతే లైను కట్ చేసి తాళం వేస్తాను. చన్నీళ్లతో స్నానం చేసిన పిల్లలు నన్ను తిట్టుకున్నా సరే. కారే కుళాయి, ఊగే తలుపు, తిరగని ఫ్యాను పొద్దున్న దాకా ఆగుతాయి. వేసవిలో కూలర్లు దింపినప్పుడు కూడా ఇదే చూడు. ఇనప డబ్బా, తడి నేల, లోపల నీళ్ల పంపు. ఎర్తు లేకుండా ఒక్కటి కూడా నడవనీయకు. వారానికోసారి నీళ్లు ఒంపించు, లేదంటే అందులోనే డెంగీ దోమ పుడుతుంది.

2023 జూన్ 15న ముఖర్జీ నగర్ కోచింగులో మీటరు దగ్గర మంట లేచి, పిల్లలు కిటికీల్లోంచి తీగలూ తాళ్లూ పట్టుకుని దిగడం టీవీలో నువ్వూ చూసే ఉంటావు. 2024 జూలై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్లు దూసుకొచ్చి ముగ్గురు చదువుకునే పిల్లలు చనిపోయారు. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. మన బిల్డింగుల్లో కూడా మీటర్లు మెట్ల కిందే ఉన్నాయి, దిగడానికి ఆ మెట్లు ఒక్కటే. అక్కడ అట్టపెట్టెలు, పాత పరుపులు, స్కూటర్లు పెడుతుంటారు. రోజూ వెళ్లగానే ముందు ఆ చోటు ఖాళీ చేయించు. మేడ మీది తలుపుకి తాళం వేస్తే తాళంచెవి ప్రతి అంతస్తులో ఒకరి దగ్గరుండాలి.

చెమ్మ గురించి. అక్కడ సీలన్ అంటారు. గోడ ఉబ్బి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఓనరు రంగు వేసెయ్యమంటాడు. వానాకాలం ఒక్కటి గడిస్తే ఆ రంగు పొట్టులా రాలుతుంది. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు తేల్చు. రాత్రి అందరూ పడుకున్నాక మోటారు ఆపి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టు. తెల్లారి చూస్తే గీత కిందికి దిగిందా, పైపు కారుతోంది. దిగలేదా, వాడుక నీళ్ల దగ్గర వెతుకు, అంటే నానీ ట్రాపు, పలకల సందులు, కమోడ్ అడుగు. ఎండాకాలం బాగుండి వానకే తడిస్తే స్లాబు. ఒకసారి రెండు నెలలు వెతికితే కారేది పక్కింటి పైపు అని తేలింది, రెండిళ్లకీ గోడ ఒక్కటే. ఆ ఇద్దరు ఓనర్లనీ కూర్చోబెట్టడం పైపు మార్చడం కంటే కష్టమైంది. అలాంటి చోట తప్పెవరిదో నువ్వు తీర్పు చెప్పకు. తడిసిన చోటు చూపించి ఊరుకో.

అక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ. గీజరు కాయిలు మీద గట్టిగా పట్టేస్తుంది. దీపావళికి ముందే అన్నీ విప్పి కడిగి, సేఫ్టీ వాల్వు ఆడుతోందో లేదో చూడాలి. కిటికీ లేని బాత్రూములో గ్యాసు గీజరు పెట్టమంటే ఎంతిస్తామన్నా పెట్టకు. వాసన లేని విషవాయువుతో మనిషి లేవకుండా పోతాడు.

మ్యాన్‌హోల్లోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ దిగమంటారు. అయిదు నిమిషాలేగా అంటారు. దిగకు. రక్షణ సామగ్రి లేకుండా అలా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోయినవాడి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు మీ అమ్మ ఏం చేసుకుంటుంది? కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్ ఈ పని మాన్పించడానికే ఏళ్ల తరబడి తిరిగాడు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. పైపు మూసుకుపోతే బయటి నుంచి స్ప్రింగు పెట్టు, కాకపోతే మెషిన్ బండిని పిలిపించు.

గదిలోకి వెళ్లేటప్పుడు తలుపు తట్టి, పేరు చెప్పి, ఆగు. ఆడపిల్లల గదైతే పని అయ్యేదాకా తలుపు తెరిచే ఉంచు. బల్ల మీది కాగితాలు జరపాల్సి వస్తే వాళ్లనే జరపమను, ఏది ఎక్కడుందో వాళ్లకే తెలుసు. పరీక్షల రోజుల్లో పొద్దుటి పూట డ్రిల్లు వాడకు.

సామాను చిల్లరగా కొనకు. ఐఐటీ స్టేషన్లో మెట్రో ఎక్కి హౌజ్ ఖాస్‌లో మారితే చావ్‌డీ బజార్. కుళాయిలు, పైపు సామాను అక్కడ. వైర్లు, స్విచ్చులు చాందినీ చౌక్‌లో భాగీరథ్ ప్యాలెస్. బిల్లు ఓనరు పేరు మీద రాయించు, నీ కూలి విడిగా రాయి. దుకాణం వాడు కమీషన్ ఇస్తానంటాడు. తీసుకున్న రోజు నుంచి నువ్వు చెప్పిన ఖర్చుని ఓనరు నమ్మడు, రేపు ఆర్‌సీసీబీ పెట్టించమన్నా కమీషన్ కోసమే అనుకుంటాడు.

భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకో. చట్టంలో మరమ్మతు, మెయింటెనెన్సు కూడా నిర్మాణ పనిలోకే వస్తాయి. ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి కాబట్టి పని చేసిన ప్రతి తేదీ పుస్తకం వెనక పేజీల్లో రాసుకో. నేను చాలా ఆలస్యంగా చేయించుకున్నాను.

సమతా ఎక్స్‌ప్రెస్ నిజాముద్దీన్‌లో దిగాక ఫోన్ చెయ్యి. మందపాటి దుప్పటి తీసుకెళ్లు. పుస్తకంలో నాలుగో బిల్డింగు పేజీకి ఎర్ర దారం కట్టి ఉంచాను. అక్కడ రెండో అంతస్తు వెనక గది గీజరు లైను నేనే కట్ చేసి తాళం వేసి వచ్చాను. కొత్త వైరు లాగేదాకా ఎవరు అడిగినా తియ్యకు. ఆ తాళంచెవి గుత్తిలో అన్నిటికంటే చిన్నది.

మీ మావయ్య