తాబేలు నేర్పిన లెక్క

కంప్యూటర్ పీరియడంటే మనలో చానామందికి భయం. తప్పు నొక్కితే పాడవుద్దేమో అని నాకూ ఉండేది. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. అందుకే తప్పు చేస్తే నవ్వుతారని ఇంకా భయపడేదాన్ని. ఆ భయం ఎట్లా పోయిందో రాస్తున్నాను.

లోగో అనే కంప్యూటర్ భాష 1967లో అమెరికాలో పిల్లల కోసం తయారైంది. తయారుచేసిన వారిలో సేమూర్ పాపర్ట్ ఒకరు. అందులో తెర మీద ఒక తాబేలు ఉంటుంది. మనం చెప్పినట్టు నడిచి గీత గీస్తుంది. 'ఫార్వర్డ్ 100' అంటే 100 చిన్న అడుగులు ముందుకు పోతుంది. 'రైట్ 90' అంటే కుడికి 90 డిగ్రీలు తిరుగుతుంది. ఈ రెండూ నాలుగుసార్లు చెబితే చతురస్రం వస్తుంది.

మేడం సమబాహు త్రిభుజం గియ్యమన్నారు. ఒక్కో కోణం 60 కదా అని 'రైట్ 60' ఇచ్చాను. మూడు గీతలు వచ్చాయి గానీ మొదలూ చివరా కలవలేదు. నాకు ఏడుపొచ్చింది. మేడం జవాబు చెప్పలేదు. "నువ్వే తాబేలువై నడిచి చూడు" అన్నారు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మకు చదువు రాదు. అయినా అడవిలో దారి తప్పితే ముందుకు ఉరకదు. తెలిసిన చెట్టు దాకా వెనక్కి వచ్చి మళ్ళీ చూస్తది. నేనూ మొదటికి వచ్చాను. గ్రౌండులో ముగ్గుతో త్రిభుజం గీసి దాని మీద నడిచాను. మూల దగ్గర ఆగితే తెలిసింది. 60 లోపలి కోణం. నేను తిరగాల్సింది బయటి కోణం. 180లో 60 తీసేస్తే 120. మూడు మూలలూ తిరిగితే 360, అంటే ఒక పూర్తి చుట్టు. 'రైట్ 120' ఇస్తే త్రిభుజం వచ్చింది!

నేను నేర్చుకున్నవి:

1. ఏం కావాలో ముందు మాటల్లో చెప్పుకోవాలి.
2. పెద్ద పనిని చిన్న మెట్లుగా విడగొట్టాలి.
3. ఏమవుతుందో ఊహించి, తర్వాత చేసి చూడాలి.
4. తప్పొస్తే అంతా చెరపొద్దు. కంప్యూటర్‌లో తప్పును బగ్, అంటే పురుగు అంటారు. పురుగుందని బియ్యం పారబోస్తామా? ఏరేస్తాం. అట్లాగే ఒక్కో మెట్టు చూసి సరిచెయ్యాలి.

ఇంకొక్క మాట. మౌస్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే మిగతావాళ్ళు నేర్చుకోరు. వంతులు వేసుకుందాం. పక్కనున్న చెల్లికి జవాబు చెప్పకండి, "తాబేలు ఇప్పుడు ఎటు చూస్తోంది?" అని అడగండి.

మీకో ప్రశ్న: ఐదు భుజాలూ, ఐదు కోణాలూ సమానంగా ఉన్న బొమ్మకు ప్రతి మూలలో తాబేలు ఎంత తిరగాలి? జవాబు ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి. తప్పయినా రాయండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని