ఊపిరితిత్తులలోని కంతికి సూది దారి

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో పనిచేయు కార్మికులలో పల్లెలనుండి వచ్చినవారు అనేకులు. వీరిలో ఎవరికైనను వారములతరబడి దగ్గు తగ్గక, కళ్ళెలో నెత్తురు కనిపించినచో, మొదట తలంపునకు వచ్చునది క్షయ. మన దేశమున అది సహజమే. కాని క్షయ మచ్చయు, కాన్సరు కంతియు ఎక్స్‌రే పటములో ఒకదానినొకటి పోలియుండుట కద్దు. కళ్ళెలో క్రిములు కనబడకున్నను నెలలకొలది క్షయమందులే మ్రింగుచున్నచో, అది కాన్సరైనయెడల అమూల్యమైన కాలము గడచిపోవును. ఈ సందేహమును తీర్చునది ముక్క పరీక్ష, అనగా బయాప్సీ.

ముక్క తీసినచో పుండు పాకునను భయము పలువురికి కలదు. సూది దారిలో కాన్సరు వ్యాపించుట మిక్కిలి అరుదు. నిజముగా జాగ్రత్తపడవలసినది వేరొకటి. సూది గ్రుచ్చిన చోటనుండి గాలి వెలువడి, ఊపిరితిత్తికిని ఛాతీగోడకును నడుమ చేరి, ఊపిరితిత్తిని అణచివేయవచ్చును. కొందరికిది దానంతటదే తగ్గును. కొందరికి గొట్టమువేసి గాలి తీయవలసియుండును. కనుక మొదటిమారే గురి కుదురుట మేలు.

1883లో లైడెన్ అను జర్మను వైద్యుడు ఊపిరితిత్తిలోనికి సూది పంపినప్పుడు లోపలి సంగతి చూపు యంత్రమేదియు లేదు. ఎక్స్‌కిరణములు 1895లో గాని తెలియలేదు. నేడు సి.టి. యంత్రము పొరలుపొరలుగా చిత్రములు తీయుచున్నది. ఐనను వైద్యుని కన్ను తెరమీద, చేయి రోగిమీద! ఈ ఎడమును తొలగించుటకే ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అను పద్ధతిని పరీక్షించుచున్నారు. రోగి ఛాతీపై గురుతులు అంటించి సి.టి. తీయుదురు. పక్కటెముకలు, రక్తనాళములు, కంతి గల రూపమును కంప్యూటరు నిర్మించును. వైద్యుడు ప్రత్యేకమైన కళ్ళద్దములు ధరింపగా, ఆ గురుతుల ఆధారమున ఆ రూపము, చర్మము గాజైనట్లు, రోగి దేహముమీదనే కానవచ్చును. సూది పోవలసిన దారి గీతవలె తోచును. నూయి త్రవ్వకమునుపే అడుగునున్న జల కనబడినట్లన్నమాట.

చిక్కేమనగా, ఊపిరితిత్తి నేలవలె కదలకుండునది కాదు. దాని అడుగుభాగమున నున్న కంతి ఒక్క శ్వాసలో సెంటిమీటరు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు జరుగును. అద్దములలోని చిత్రము మాత్రము తీసినప్పటిదే. అందుచేత రోగిని ఒకేరీతిగా ఊపిరి బిగబట్టుమందురు. ముక్క తీయకమునుపు సూదిమొనను సి.టి.తో మరల సరిచూతురు. ఈ పద్ధతి ఇంకను చాలవరకు పరిశోధనలోనే యున్నది. సి.టి. చూచి సూది నడపు పద్ధతియే నేటికిని ఆధారము గనుక, కొత్తదానికొరకు ఎవరును వేచియుండనక్కరలేదు.

బీమా గల కార్మికులకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది. కాన్సరు చికిత్సకు నగరములోని రెడ్‌హిల్సులో ఎం.ఎన్.జె. ప్రభుత్వాసుపత్రి కలదు. రక్తము పలుచబడుటకు మందులు వాడుచున్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను. పరీక్ష పిమ్మట ఆయాసముగాని, ఛాతీనొప్పిగాని కలిగినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తిరిగి పోవలెను.