వాక్కాయ కంచెకు ఇదే అదను

తొలకరి పదును దొరికిన మెట్ట రైతులకు ఈ నెల నా సలహా ఒక్కటే. గట్టు వెంట వాక్కాయ నాటండి. రెండు మూడేళ్లు కాపాడితే పశువులు దూరలేని ముళ్ల కంచె అవుతుంది, మూడో ఏడు నుంచి కాయలూ ఇస్తుంది. పెరడున్న ఇళ్లలో ఒక్క పొద ఉన్నా పప్పులోకి, పచ్చడిలోకి చింతపండు వెతుక్కోనక్కర్లేదు.

మృగశిర నుంచి పుష్యమి కార్తె దాకా ఎప్పుడైనా నాటవచ్చు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, బాగా చివికిన పశువుల ఎరువును పైమట్టితో కలిపి నింపండి. కంచెకైతే మొక్కకూ మొక్కకూ మూడడుగులు చాలు. నలుచదరంగా ఉన్న ఎకరం చుట్టూ 280 మొక్కల దాకా పడతాయి. తోటగా వేసేవారు ఎటు చూసినా పదడుగులు వదలాలి. హద్దు రాయి పక్కనే మాత్రం నాటకండి. పొద ఆరేడు అడుగులు పరుచుకుంటుంది, ముళ్లు పక్కవాళ్ల దారిలోకి వెళ్తే తగాదా తప్పదు. మూడడుగులు లోపలికి జరపండి.

రాళ్ల నేల, గరప నేల, కొద్దిపాటి చౌడు, అన్నిటినీ ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది నీటి నిల్వ ఒక్కటే. నల్లరేగడిలో అయితే మట్టి ఎగదోసి కట్ట మీదే నాటాలి. మొదటి వేసవిలో పది పదిహేను రోజులకో తడి ఇవ్వండి. లేత మొక్కలను మేకలు కొరకకుండా కంపతో కాపాడండి. ఆ తర్వాత వానే చాలు. కాయ ఊరే ఏప్రిల్, మే నెలల్లో ఒకటి రెండు తడులు ఇవ్వగలిగితే మాత్రం కాయ సైజులో తేడా కనిపిస్తుంది.

చాలామంది నష్టపోయేది కత్తిరింపు దగ్గర. వాక్కాయ పూత కొమ్మల చివర్లలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. కంచె చక్కగా కనబడాలని సంక్రాంతికి ముందు కత్తెర వేస్తే పూత వచ్చే చివర్లన్నీ పోతాయి. ఆ ఏడు కంచె పచ్చగానే ఉంటుంది, కాయ ఉండదు. అప్పుడు ‘మా నేలలో కాయదు’ అని పీకేసేవారున్నారు. తప్పు నేలది కాదు. కాయ కోత ముగిశాక, సెప్టెంబరులో ఒక్కసారి కత్తిరించి ఊరుకోండి. యూరియా కూడా వద్దు, ఆకు ఎక్కువై కాపు తగ్గుతుంది.

రకాల్లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయం ఇచ్చిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ, దాపోలి నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ పేరున్నవి. అవి దొరకకపోతే మీ ఊళ్లోనే పెద్ద కాయలు కాసే పొదను గుర్తుపెట్టుకోండి. బాగా నల్లబడిన పండ్ల గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే సంచుల్లో విత్తాలి. దాచిన గింజ త్వరగా మొలక శక్తి కోల్పోతుంది. ఈ ఆగస్టులో విత్తితే వచ్చే తొలకరికి మొక్కలు సిద్ధం.

పచ్చడికి, పులిహోరకు కాయ తెలుపు మీద గులాబి రంగు తిరుగుతున్నప్పుడే కోయాలి. కాడ దగ్గర కారే పాలు చేతికి జిగురుగా అంటుకుంటాయి, కోసే ముందు నూనె రాసుకోండి. పచ్చికాయ వారం దాకా నిలుస్తుంది, పండు రెండు మూడు రోజులకే మెత్తబడుతుంది. అందుకే సంతకు పచ్చివే పంపండి. పండ్లు జెల్లీకి బాగుంటాయి. బేకరీ కేకుల మీది ఎర్ర ‘చెర్రీలు’ చాలావరకు గింజ తీసి, రంగు వేసి, పాకం పట్టిన వాక్కాయలే. కాబట్టి నాలుగైదు ఊళ్ల రైతులు కలిస్తే బేరానికి దారి ఉంది.

దీనికి అడవి చుట్టం కలివి. కాయ చిన్నది, పండితే ఎంతో తీపి. కడప జిల్లాలో 1986లో మళ్లీ కంటబడ్డ అరుదైన కలివికోడి ఇలాంటి ముళ్లపొదల మధ్యే బతికే పక్షి. మీ బీడులో, గట్టు మీద ఇప్పటికే కలివి పొదలుంటే దయచేసి వాటిని తవ్వి పారేయకండి. ఖాళీగా ఉన్న చోటే వాక్కాయ నాటండి.