మార్పుల చరిత్రను భద్రపరచుట ఎట్లు?

ప్రశ్న: ప్రోగ్రామింగు నేర్చుకొనుచున్నాను. ఒకే ఫైలును పలు పేర్లతో దాచి, ఏది సరియైనదో తెలియక తికమకపడుచున్నాను. ఫైళ్ల మార్పుల చరిత్రను నిలుపు గిట్ అను సాధనమును ఎక్కడినుండి ప్రారంభింపవలెను?

జవాబు: లినక్స్ కెర్నెలు నిర్మాణమునందు అసంఖ్యాకమైన మార్పులను సమన్వయపరుపవలసివచ్చిన లీనస్ టోర్వాల్డ్స్, అంతవరకు వాడుచుండిన బిట్‌కీపరు అను అట్టి సాధనమే ఉచితముగా లభించుట నిలిచిపోగా, 2005లో గిట్‌ను రచించెను, అయినను ఏకాకిగా అభ్యసించు మీబోటి విద్యార్థికిని అది అంతియే ఉపకరించును. అంతర్జాలము లేకున్నను మీ కంప్యూటరునందే పనిచేయును గనుక గిట్ ప్రాజెక్టులను అంతర్జాలమున దాచు గిట్‌హబ్‌లో ఖాతాకై ఇప్పుడే తొందరపడనక్కరలేదు.

"గిట్ ఇనిట్" అను ఆజ్ఞతో మీ ఫోల్డరును రిపాజిటరీగా (మార్పుల చరిత్రను నిలుపు భాండారముగా) మార్చి, భద్రపరుపదలచిన ఫైళ్లను "గిట్ యాడ్"తో ఎంచి, "గిట్ కమిట్"తో స్థిరపరుపుడు. ముందు ఎంచి పిదప స్థిరపరచు ఈ రెండంచెల పద్ధతి తొలుత వృథాశ్రమగా తోచును గాని, ఒకే పూట చేసిన రెండు భిన్నమైన సవరణలను రెండు కమిట్లుగా విడదీయు సౌలభ్యము దీనివలననే కలుగుచున్నది. ప్రతి కమిట్టును అప్పటి ప్రాజెక్టు సమగ్రస్వరూపమును, కర్త పేరును, కాలమును, సందేశమును నిలుపుకొనును. ఆ సందేశమున "మార్పులు చేసితిని" అని ముగింపక, ఏ కారణమున చేసితిరో వ్రాయుడని గట్టిగా కోరుచున్నాను, ఏలయనగా ఏమి మారెనో గిట్టే చూపగలదు, ఏల మారెనో మీరు తప్ప చెప్పువారు లేరు.

బ్రాంచీలను (మార్పుల సమాంతర శాఖలను), మెర్జును (వాటి విలీనమును) ఈ అలవాటు కుదిరిన పిదప అభ్యసింపవచ్చును. పాస్‌వర్డులను మాత్రము ఎన్నడును కమిట్ చేయకుడు: ఫైలునుండి తరువాత తుడిచివేసినను అవి పాత కమిట్లయందు నిలిచియే యుండును.