తీగ బాగున్నా పేజీ ఎందుకు తెరుచుకోదు?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. దక్షిణాన సుక్మా, బీజాపూర్ జిల్లాలు తెలుగు రాష్ట్రాలను ఆనుకుని ఉంటాయి. అడవుల మధ్య దూరదూరంగా ఉన్న ఈ ప్రాంతానికి ఇంటర్నెట్ అందించేందుకు ‘బస్తర్ నెట్’ పేరుతో 836 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌ను తలపెట్టారు. అయితే తీగ వేయడంతోనే పని పూర్తికాదు. కనెక్షన్ కలిసినా ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ముందుగా చూడాల్సింది డీఎన్‌ఎస్ అమరికను.

పేరు నుంచి చిరునామాకు

కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరుకునేది అంకెల ఐపీ చిరునామాలతో. మనం గుర్తుంచుకునేది పేర్లు. పేరు చెబితే చిరునామా వెతికిచ్చే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను (డీఎన్‌ఎస్) 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించారు.

అడగాల్సింది ఎవరిని?

వినియోగదారులను నెట్‌వర్క్‌లోకి అనుమతించే యంత్రమే నెట్‌వర్క్ యాక్సెస్ సర్వర్. కనెక్షన్ కలిసేటప్పుడు అది మన పరికరానికి ఐపీ చిరునామాతోపాటు, పేర్లకోసం ఏ డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగాలో కూడా చెబుతుంది. ఖాతాలు తనిఖీ చేసే రేడియస్ సర్వర్ ఎవరికైనా ప్రత్యేక డీఎన్‌ఎస్ చిరునామా పంపితే సాధారణంగా దాన్నే ఇస్తుంది. లేకపోతే ముందుగా నమోదుచేసిన డిఫాల్ట్ చిరునామాలను ఇస్తుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. యాక్సెస్ సర్వర్ తన సొంత అవసరానికి వాడే డీఎన్‌ఎస్ చిరునామా వేరు, వినియోగదారులకు అందించేది వేరు. మొదటిది నమోదుచేసి రెండోది మరిచిపోతే, సర్వర్‌పై ఇంజినీరు చేసే పరీక్షలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. ఊళ్లో మాత్రం పేజీ తెరుచుకోదు.

దూరం, తెగిన తీగ

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. డీఎన్‌ఎస్ సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే, రాకపోకలకే కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్కో పేజీకి అనేక పేర్లు వెతకాల్సి రావచ్చు. అందుకే ఒకసారి దొరికిన జవాబులను కొంతకాలం దాచుకునే సర్వర్‌ను జగదల్‌పూర్ వంటి దగ్గరి పట్టణంలో ఉంచడం మేలు. రెండో సర్వర్ చిరునామా కూడా ఇవ్వాలి. అయితే రెండింటికీ దారి ఒకే తీగ అయితే, అది తెగిన రోజున రెండూ అందవు. వేర్వేరు దారుల్లో ఉంటేనే రెండోది ఆదుకుంటుంది.

తేలికైన పరీక్ష

అంకెల చిరునామాకు జవాబు వచ్చి, పేరుకు రాకపోతే తీగ బాగున్నట్లే. లోపం చాలావరకు డీఎన్‌ఎస్‌లోనే ఉంటుంది. ఈ తేడా తెలిస్తే, తెగని తీగను వెతుక్కుంటూ అడవి దారిలో రోజంతా తిరగాల్సిన అవసరం తప్పుతుంది.